కె అంటే చంపు

పురసవాక్కంలో బట్టల అంగళ్ళ వెనక సందులో ఒక టీ అంగడి ఉండేది. మద్రాసును చెన్నై అనాలని చెప్పిన కొత్తలో సంగతి. బోర్డులు మారాయి గానీ జనం నోళ్ళు ఇంకా మారలేదు. శనివారం సాయంత్రం ఆ అంగడి బెంచీ మీద విజయకుమార్ కూర్చున్నాడంటే, ఒక గుక్క తాగి పోదామని వచ్చినవాడు కూడా ఇంకో టీ చెప్పి అక్కడే ఉండిపోయేవాడు. అతని కోతలు అంత కమ్మగా ఉండేవి. నమ్మేవాళ్ళెవరూ లేరు, లేచిపోయేవాళ్ళూ ఎవరూ లేరు.

ఆ శనివారం బెంచీ చివర కొత్త మనిషి ఒకాయన కూర్చున్నాడు. పేరు ఆదిమూలం. వాషర్‌మెన్‌పేట్‌లో ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు పాత్రల అంగడి ఆయనది. ముత్తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు. ఆయన టీ కోసం రాలేదు, కోతల కోసం అసలే రాలేదు. కూతురి చదువు నిలబెట్టుకోవడానికి వచ్చాడు.

కూతురు భువనేశ్వరి ఆ టీ అంగడి పక్క మేడ మీద కంప్యూటర్ సెంటర్‌లో కోర్సు చదువుతోంది. మిగతా రోజుల్లో కోబాల్ పాఠాలు. బుధవారం సాయంత్రం మాత్రం పిల్లల్ని కాసేపు ఒక ఆట ఆడుకోనిస్తారు. దాంట్లో బొమ్మలుండవు, పాటలుండవు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలే. నువ్వు కోట వాకిట్లో ఉన్నావు, ఉత్తరం గదిలో రాక్షసుడున్నాడు అని తెర ఇంగ్లీషులో చెబుతుంది. ఉత్తరానికి పో, కత్తి తీసుకో, చంపు అని వీళ్ళు ఇంగ్లీషులోనే కొడతారు. ఎన్ని తెరల ముందు ఎంతమంది కూర్చున్నా అందరూ ఉండేది ఒకే కోటలో. ఒకరు ఏం చేసినా అది అందరి తెరల మీదా పడుతుంది.

మొన్న బుధవారం భువనేశ్వరి ఆ కోటలో శ్రీకుమార్ అనే తోటి విద్యార్థి మీదికి కత్తి దూసింది. కె అని కొట్టి, పక్కన అతని పేరు కొట్టింది. కె అంటే కిల్, అంటే చంపు. అందరూ కొట్టేది అలాగే. ఆ రోజు మాత్రం అన్ని తెరల మీదా, భువనేశ్వరి శ్రీకుమార్‌ని ముద్దు పెట్టుకుంది అని పడింది. ఈ పిల్ల తెర వంక చూడదు, మీటలు వెతుక్కుంటూ తల వంచుకుని కొడుతుంది. పక్కవాళ్ళు నవ్వుతుంటే వీడింకా చావలేదు కాబోలనుకుని కసిగా కొడుతూనే పోయింది. తల ఎత్తేసరికి తెర నిండా ముద్దులే.

శ్రీకుమార్ ఇల్లు కూడా వీళ్ళ వీధిలోదే. వాడు ఇంటికెళ్ళి తల్లి తంగమ్మకి నవ్వుతూ చెప్పాడు. తంగమ్మ నవ్వలేదు, పక్కింటికి వెళ్ళి చెప్పింది. తెర మీద, ఆటలో అన్న ముక్కలు రెండు మూడు ఇళ్ళు దాటేసరికే రాలిపోయాయి. మిగిలిన ముద్దు నేరుగా అలమేలు చెవిలో పడింది.

అలమేలు ఆదిమూలం భార్య. భువనేశ్వరి ఏడుస్తూ, నేను చంపుదామనే కొట్టినా, మెషీనే అట్లా వేసింది అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె తలకెక్కలేదు.

"చంపేదానికి పొయ్యి ముద్దు పెట్టిందంట. ఈ మాట నేను వీధిలో ఎవురికి చెప్పేది?" అంది.

ఆ సెంటర్ వాళ్ళెవరైనా వచ్చి, తప్పు మాది, పాపది కాదు అని ముఖం మీద చెబితే సరి. లేదంటే సోమవారం నుంచి చదువూ లేదు, ఏమీ లేదు. అలమేలు అలా తేల్చేసింది. కోర్సు ఆఖరి పరీక్ష వచ్చే వారమే. కూతురు అన్నం మానేసి మూల కూర్చుంటే ఆదిమూలానికి అంగట్లో కాలు నిలవలేదు. ఆయనకి కంప్యూటర్ సంగతి ఏమీ తెలియదు. కూతురి సంగతి తెలుసు. తెలుసనే అనుకుంటున్నాడు గానీ, అన్ని తెరల మీదా ఇంగ్లీషులో పడిందంటే ఎక్కడో ఒక మూల భయం.

సెంటర్‌కి వెళితే, మెషీన్ చూసుకునే విజయకుమార్ టీకి దిగాడన్నారు. ఇక్కడికొస్తే అతను అప్పటికే కథ ఎత్తుకున్నాడు. అదీ ఆ ఆట గురించే. ఆదిమూలం అడగబోయిన నోరు మూసుకుని, ఒక టీ చెప్పి, చెవులు రిక్కించాడు.

"ఆ ఆట నా చేతికి రాకముందు ఎట్లుండేదో తెలుసునా ప్పా? పిల్లకాయలు మాట మొత్తం కొట్టాల, నార్త్ అంటే నార్త్ మొత్తం, కిల్ అంటే కిల్ మొత్తం, ఒగ అక్షరం తప్పినా మెషీన్ నాకర్థం కాలే పో అనేది, మనోళ్ళు వెతుక్కుని వెతుక్కుని కొట్టేలోపల రాక్షసుడొచ్చి మనిషిని మింగి, తేన్చి, కాళ్ళు చాపుకుని పండుకునేవాడు, నేను చూసినా, మనసు ఆగలే, మెషీన్ని పిలిచి చెప్పినా, ఒరే, మొదటక్షరం చూసినావంటే మిగతాది నువ్వే తెలుసుకోవాల, ఎన్ అంటే నార్త్, ఎల్ అంటే లుక్, కె అంటే కిల్, అంతే."

కె అన్న మాట వినబడగానే ఆదిమూలం గ్లాసు కింద పెట్టేశాడు.

పక్క క్లినిక్‌లో కాంపౌండర్ అంతోని రోజూ వినేవాడే. ఒకే అక్షరంతో రెండు మాటలుంటే మెషీన్ ఏది తీసుకుంటుందని అడిగాడు. విజయకుమార్‌కి ప్రశ్నంటే మహా ఇష్టం. మెషీన్ లోపల మాటలన్నీ వరసగా నిలబడి ఉంటాయనీ, అది పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుందనీ, సరిపోయిన మొదటి మాట దగ్గరే ఆగిపోతుందనీ చెప్పాడు. రేషన్ అంగడి క్యూ లాగా, ముందు నిలబడినవాడికే చక్కెర. వెనకవాడికి ఎంత హక్కున్నా ఆ పూటకి లేదు.

ఇంతవరకూ చెప్పింది నిజమే. విజయకుమార్ కథల్లో నిజమంతా మొదట్లోనే అయిపోతుంది.

"అట్లని నాకు తృప్తి కలిగిందా? లేదు. రాత్రీ పగలూ ఒకటే ఆలోచన, ఒగ అక్షరం మాత్రం ఎందుకు కొట్టాల అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెషీన్‌కి ఇంకా పదును పెట్టినా. వేలు మీట మీదికి దిగతా ఉంటేనే, ఇంకా తగలకముందే, ఆ వేలి నీడ ఏ అక్షరం మీద పడిందో చూసి పని చేసేసేది. ఒగ పిల్లోడు ముక్కు గోక్కుందామని చెయ్యెత్తినాడు, అంతే, వాడి బంటు కత్తి తీసి ముగ్గుర్ని నరికేసినాడు. గోరు పెంచుకున్న ఆడపిల్లలు ఒగరిద్దరు కోట మొత్తం గెలిచేసినారు, గోరు పొడుగు గదా, నీడ ముందే పడతాది."

టీ మాస్టర్ తన గోళ్ళు ఒకసారి చూసుకున్నాడు.

"అది గూడా చాలదని ఇంకో మెట్టు ఎక్కినా. ఏమీ కొట్టకుండా సుమ్మా ఎంటర్ మాత్రం కొట్టమన్నా ఒగణ్ణి. ఏమీ కొట్టలేదంటే ఏమర్థం ప్పా? ఏ మాటకైనా అది సరిపోతాది. కిల్‌కీ సరిపోతాది, నార్త్‌కీ సరిపోతాది, అడ్డం చెప్పేదానికి అక్షరమే లేదు గదా. మెషీన్ అన్నీ చేసి పారేసింది. వాడు అదే క్షణాన ఉత్తరానికీ పోయినాడు, దక్షిణానికీ పోయినాడు, కత్తి తీసినాడు, కత్తి పారేసినాడు, నిద్రపోయినాడు, నిద్దర్లోనే పరిగెత్తినాడు, రాక్షసుణ్ణి చంపినాడు, ఆ రాక్షసుడి చేతిలోనే చచ్చినాడు, చచ్చినాక రాక్షసుడికి రెండు రొట్టెలు అమ్మినాడు."

మరి ఉత్తరానికీ దక్షిణానికీ పోయినవాడు చివరికి ఎక్కడ తేలాడని అంతోని అడిగాడు. ఎగ్మోర్ స్టేషన్‌లో తేలాడని విజయకుమార్ తడుముకోకుండా చెప్పాడు. తానే వెళ్ళి ప్లాట్‌ఫారం టిక్కెట్ కొని వెనక్కి తీసుకొచ్చాడట.

అందరూ నవ్వారు. ఆదిమూలం మాత్రం నవ్వలేదు. ఆయనకి కోతలో ఒక ఆశ కనిపించింది. కొట్టినవాళ్ళు అనుకున్నది ఒకటి, మెషీన్ చేసేది ఇంకొకటి అని ఈ మనిషే ఒప్పుకుంటున్నాడు కదా. ఇదే మాట ఇంటికొచ్చి చెబితే చాలు.

"అంటే తమ్ముడూ, తెర మీద ఏం పడినా కొట్టినోళ్ళ తప్పు కాదనేగా?" అని మెల్లిగా కదిపాడు.

"కొట్టినోళ్ళదేముంది సార్, వాళ్ళు సుమ్మా వేలు పెడతారు. ఆడ జరిగేదంతా నాది. నాకు తెలీకుండా ఒగ అక్షరం కదలదు."

ఆదిమూలం ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ ఆయన ఇంకో టీ చెప్పాడు, అందరికీ చెప్పాడు. టీ చూసి విజయకుమార్‌కి ఇంకా ఊపొచ్చింది.

ఆ తర్వాత మెషీన్ ఎంతకి తెగించిందంటే, బుధవారం ఎవరు ఏం కొడతారో మంగళవారమే కనిపెట్టి, వాళ్ళు రాకముందే ఆట ఆడేసేదట. పిల్లలు వచ్చి చూసుకుంటే కొందరు అప్పటికే గెలిచి ఉండేవాళ్ళు, కొందరు అప్పటికే చచ్చి ఉండేవాళ్ళు. ఒకబ్బాయి తాను నిన్ననే చచ్చిపోయానని తెర మీద చూసుకుని, మైల అని ఇంటికి పరిగెత్తి తలస్నానం చేసి మళ్ళీ వచ్చాడట. వాళ్ళ నాయనమ్మ ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదట. ఈ ముక్క దగ్గర టీ మాస్టర్ కూడా పాలగిన్నె దించి వచ్చి నిలబడ్డాడు.

"ఇది అంబత్తూరు దాకా పాకిపొయ్యింది. ఆడ ఫ్యాక్టరీ ఓనర్లంతా వచ్చి, అన్నా, మా మెషీన్లకి గూడా ఇదే నేర్పించు, మా వర్కర్లకి మాట మొత్తం కొట్టే ఓపిక లేదు అన్నారు. సరే పాపమని ఒగ వైరు లాగినా. మొదటి రోజు ఏమైందో తెలుసా? పొద్దున్నే అందరూ ఎస్ టి అని కొట్టినారు. ఎస్ టి అంటే ఏంది? స్టార్ట్ అన్నా ఎస్ టి, స్టాప్ అన్నా ఎస్ టి. అంబత్తూరులో సగం తిరగతా ఉండాది, సగం ఆగిపొయ్యింది. ఒగే లేతు మిషన్‌లో ముందు చక్రం తిరిగేది, వెనక చక్రం తిరగనని కూర్చునేది. బోల్టు సగం తయారయ్యి సగం ఇనుముగానే ఉండాది. నేను పొయ్యి మధ్యలో నిలబడి చేతులు చాపినా, కుడి పక్క మీరు తిరగండి, ఎడమ పక్క మీరు ఆగండి అని, సాయంత్రం దాకా చేతులు దించలే."

భోజనం ఎట్లా చేశావని అంతోని అడిగాడు. వర్కర్లే వంతులేసుకుని పెరుగన్నం కలిపి నోట్లో పెట్టారని జవాబు. ఊరగాయ నచ్చలేదట.

అక్కణ్ణుంచి కథ సముద్రం దాటింది. ఈ సంగతి తెలిసి అమెరికా కంపెనీ దొరలు కోట్లు వేసుకుని వచ్చి, ఇదే సందులో, ఇదే బెంచీ ముందు నిలబడి, మా మెషీన్లకి ఇంకా మాట మొత్తం కొట్టాల్సి వస్తోంది, మమ్మల్ని గట్టెక్కించు అని కాళ్ళు పట్టుకున్నారట. తమతో వచ్చేయమన్నారట. మా అమ్మ చేపల పులుసు వదిలి నేనెక్కడికొస్తానని అతను జాలిపడ్డాడట.

"వాళ్ళకి ఎక్కువ మాటలు చెప్పలే ప్పా. ఎన్ అన్నా. అంతే. మిగతాది వాళ్ళే తెలుసుకుని, ఏడ్చుకుంటా మీనంబాక్కం పొయ్యి విమానం ఎక్కినారు."

జనం పొట్టలు పట్టుకున్నారు. ఆదిమూలం నవ్వు ఆగేదాకా ఓపిక పట్టాడు. ఇక అసలు విషయం అడిగే సమయం వచ్చిందనుకున్నాడు. ఈ మనిషి నోటితోనే ఒక్క మాట అనిపిస్తే, తర్వాత స్కూటర్ ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోవచ్చు.

"ఇంత పని చేసే మెషీను, ఎప్పుడన్నా ఒగసారి తప్పు చేస్తాది కదా తమ్ముడూ?"

విజయకుమార్ ముఖం మాడ్చుకున్నాడు. ఇంతసేపూ ఎవరూ అతన్ని అవమానించలేదు, ఇప్పుడే జరిగింది.

"తప్పా? ఏం మాట సార్ అది? నా మెషీన్ మనసు చదువుతాది. మీరు కొట్టింది వదిలెయ్యండి, మీ గుండెలో ఏముండాదో అదే తెర మీద వేస్తాది. లోపల లేనిది బయట పడనే పడదు. ఎవురైనా వచ్చి, అయ్యో, నేను ఆ ఉద్దేశంతో కొట్టలేదు అన్నారనుకోండి, వాళ్ళు అబద్ధం చెప్తా ఉండారని అర్థం. నా మెషీన్ అబద్ధం చెప్పదు."

ఆదిమూలం టీ గ్లాసు పక్కకి నెట్టేశాడు. ఈ మాట అలమేలు వింటే ఇంకేముంది. పరీక్ష మాట దేవుడెరుగు, పిల్ల వీధిలో తలెత్తుకోలేదు. సాక్ష్యం కోసం వచ్చి, కూతురి మీద తీర్పు తానే చెప్పించుకున్నాడు. అందరికీ టీ కూడా తానే ఇప్పించాడు. ఆయనకి ఏడుపు వచ్చినంత పనైంది.

అప్పుడు అంతోని గ్లాసు అడుగున మిగిలిన టీ గుక్కలో తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"అన్నా, ఒకటి అడగాల. పైన కీబోర్డులన్నిటికీ కె మీట మీద ప్లాస్టర్ ఎందుకు అంటించినావు?"

టీ మాస్టర్ ఎత్తి పోస్తున్న టీ గ్లాసులో పడకుండా బల్ల మీద పడింది. అంతోని చెప్పిందేమంటే, గురువారం పొద్దున విజయకుమార్ క్లినిక్‌కి వచ్చి, మెషీన్ విప్పుతుంటే వేళ్ళన్నీ తెగాయని చెప్పి ఒక ప్లాస్టర్ చుట్ట తీసుకుపోయాడు. ఈ రోజు సెంటర్ ఓనర్‌కి ఇంజెక్షన్ వేయడానికి అంతోని మేడెక్కితే, ఆ ప్లాస్టర్ అంతా కీబోర్డుల మీద కనిపించింది, ప్రతి దాని మీదా ఒకే చోట. కోబాల్ రాసే పిల్లలకి కె లేకపోతే ఒక్క ప్రోగ్రామూ సాగదట, పెన్ను మొనతో ప్లాస్టర్ మీదే పొడుచుకుంటున్నారట.

"మనసు చదివే మెషీన్‌కి మీట మూసెయ్యడం ఎందుకన్నా?" అన్నాడు అంతోని.

విజయకుమార్ ముందు దిష్టి అన్నాడు. కె ఒక్కదానికే దిష్టి తగిలిందా అని ఎవరో అన్నారు. తర్వాత దుమ్ము అన్నాడు. తర్వాత ఖాళీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగుతున్నట్టు కూర్చున్నాడు.

ఆదిమూలం లేచి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను భువనేశ్వరి వాళ్ళ నాయన్ని."

అంతవరకూ కథ ఎక్కిన మెట్లన్నీ విజయకుమార్ ఒక్కొక్కటే దిగడం మొదలుపెట్టాడు. తాను ఇంజనీర్ కాదన్నాడు. ఆ ఆట రాసింది ముందు ఇక్కడ చదివి బెంగుళూరు పోయిన ఎవరో కుర్రాడన్నాడు. తాను పొద్దున స్విచ్ వేసి, సాయంత్రం స్విచ్ తీసి, మధ్యలో ఏసీ చూసుకుంటానన్నాడు. కొంచెం ఆగి, ఏసీ కూడా ఓనరే చూసుకుంటాడన్నాడు. ఇక ఆదిమూలానికి కొత్త బెంగ పట్టుకుంది. ఈ మనిషి ఇలా ఏమీ తెలియనివాడైపోతే తప్పు మళ్ళీ కూతురి మీదికే వస్తుంది.

"లేదు నాయనా, నువ్వు గొప్పోడివి. నీకు తెలీకుండా అక్షరం కదలదు. ఇంతమందిమి విన్నాం," అన్నాడు.

"అది సుమ్మా అన్నా సార్, ఊరికే."

"నువ్వు సుమ్మా అన్నదానికి ఈడ మా పాప చదువు పోతా ఉండాది."

ఆ మాటకి బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. విజయకుమార్ చెడ్డవాడేమీ కాదు. గ్లాసు పక్కన పెట్టి, తల గీరుకుని, ఉన్నది చెప్పాడు. మంగళవారం పిల్లలు ఆటలోకి కొత్త మాటలు కావాలన్నారు. నవ్వు, ఏడుపు, డ్యాన్సు, ముద్దు, అలాంటివి. ఎలాగో కిందామీదా పడి చేర్చాడు. కొత్తవి కదా, అందరికీ కనబడాలని వరసలో అన్నిటికంటే పైన పెట్టాడు. దాంతో కిస్ వచ్చి కిల్ ముందు నిలబడింది. కె కొడితే మెషీన్ పైనుంచి చూసుకుంటూ వచ్చి దాని దగ్గరే ఆగిపోయింది. తర్వాత సరిచేద్దామని చెయ్యి పెడితే ఆటే లేవడం మానేసింది. కిస్‌ని మళ్ళీ ఆ పైనే ఉంచేసి, ఎవరూ కె కొట్టకుండా, ఓనర్‌కి తెలియకుండా ప్లాస్టర్ వేసేశాడు.

ఈ లెక్క ఆదిమూలానికి చటుక్కున అర్థమైంది. ఆయన కూడా అంగట్లో కొత్త బిందెలు వస్తే ముందు వరసలోనే పెడతాడు, పాతవి అడిగినవాళ్ళకి చెయ్యి అందదు. అంటే పాప కొట్టింది కిల్లే. తన కూతురు ఆ శ్రీకుమార్‌ని నిజంగా చంపుదామనే అనుకుంది. ఆ సంతోషానికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

స్కూటర్ వెనక కూర్చుని, పేపర్లో చుట్టిన కీబోర్డు ఒకటి ఒళ్ళో పెట్టుకుని విజయకుమార్ వాషర్‌మెన్‌పేట్ వచ్చాడు. దారిలో ఆదిమూలం ఒకటే చెప్పాడు, ఉన్నదానికి ఒక్క ముక్క కలపొద్దని. అలమేలు వాకిట్లోనే నిలబడి ఉంది.

"అమ్మా, ముందు ఎట్లుండేదంటే," అని అతను ఎత్తుకున్నాడు. ఆదిమూలం వెనకనుంచి మోచెయ్యి గిల్లాడు. అతను మింగేసి, కొత్త మాటలు పైన పెట్టిన సంగతి చెప్పి, పేపరు విప్పి కీబోర్డు చూపించాడు. అలమేలు ఆ ప్లాస్టర్ మీద బొటనవేలు పెట్టి చూసింది. మనుషులు చెప్పేది ఎలా ఉన్నా, తప్పు లేనిచోట ఎవరూ ప్లాస్టర్ వెయ్యరని ఆమెకి తెలుసు.

లోపలి గుమ్మం దగ్గర భువనేశ్వరి అంతా వింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"కొత్తవి కింద పెట్టాల కదన్నా. లేకుంటే కిల్ ఒగదాన్ని పైకి జరిపినా సరిపొయ్యేది," అంది.

విజయకుమార్ కీబోర్డుని ఆదిమూలం చేతిలో పెట్టేశాడు.

"సోమవారం వచ్చి నువ్వే జరుపమ్మా. నాకు చాతకాదు."

సోమవారం అన్న మాటకి ఆదిమూలం భార్య ముఖం చూశాడు. ఆమె కాదనలేదు. కానీ లోపలికీ రమ్మనలేదు. చెప్పులు వేసుకుని వీధిలోకి దిగింది.

"నాకు చెప్తే చాల్దు. వీధంతా విన్నారు. వీధంతటికీ చెప్పు, నడువు," అంది.

ఆ సాయంత్రం విజయకుమార్ తన జన్మలో అతి చిన్న కథని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నాడు. పక్కన అలమేలు, వెనక కీబోర్డు మోసుకుని ఆదిమూలం. మొదటి ఇంట్లో బాగానే చెప్పాడు. రెండో గుమ్మం ముందు నలుగురు మూగేసరికి అతనికి ప్రాణం ఆగక, దొరలు వచ్చి కాళ్ళు పట్టుకున్నారనబోయాడు. అలమేలు గొంతు సవరించింది. దొరలు వచ్చినదారినే పోయారు. తర్వాతి ఇంట్లో మెషీన్ మనసు అన్నాడు, ఆమె దగ్గింది. అలా ఇల్లు మారేకొద్దీ కథలో ఒక్కో ముక్క ఊడిపోతూ వచ్చింది. వీధి మధ్యకొచ్చేసరికి, నేను పెట్టిన మాట, నా తప్పు, పాపది కాదు, ఇదిగో ప్లాస్టర్, అన్నంత మిగిలింది. ఆదిమూలం ప్రతి గుమ్మం దగ్గరా కీబోర్డు ఎత్తి చూపించాడు, పెళ్ళికి వచ్చిన బహుమతి చూపించినట్టు.

చివర తంగమ్మ ఇల్లు. ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వెనకాల శ్రీకుమార్ నవ్వు ఆపుకోలేక గోడకి తిరిగాడు. వీధి ఆ చివర మొదలైన మాట వీళ్ళకంటే ముందే నడుచుకుంటూ ఈ చివరికి వచ్చేసింది.

ఇదే ఆఖరి ఇల్లు, ఇంక వినేవాళ్ళు దొరకరు. విజయకుమార్ చొక్కా సర్దుకుని, గొంతులో దమ్ము నింపుకున్నాడు.

"అమ్మా, నే..."

"తెలిసింది నాయనా. తప్పు నీది, ఆ పాపది కాదు. నేను తప్పుగా అనుకున్నా అలమేలూ, మనసులో పెట్టుకోవద్దు," అంది తంగమ్మ.

విజయకుమార్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇంత దూరం వచ్చి, ఇంతమందిలో, అతని కథ ఇలా ఎవరూ కోసెయ్యలేదు.

"ఒగసారి నన్ను మొత్తం చెప్పనీండమ్మా," అన్నాడు.

"ఆమెకి అర్థమయ్యింది కదా, ఇంకేం చెప్పేది?" అంది అలమేలు. "నోరు మూసుకుని రా, దోసె తిని పోదువు."